రెండోసారి నొక్కిన మీట

"పది ముప్పై ఒకటికి మొదటిసారి మీట నొక్కింది," అన్నాడు టెక్నీషియన్, బల్ల మీద పరిచిన పొడుగాటి కాగితానికి పెన్సిల్ మొన ఆనించి. "పది నలభై ఎనిమిదికి రెండోసారి."

"మధ్యలో?" అంది డిటెక్టివ్.

"మధ్యలో చచ్చి బతికింది."

అనేశాక ఆ మాట అతనికే ఎబ్బెట్టుగా తోచి గొంతు సవరించుకున్నాడు. గుండె పరీక్షల గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. బల్ల మీద సబ్బుపెట్టె అంత యంత్రం ఒకటి, దాని తీగలు చుట్టలు చుట్టుకుని పడున్నాయి. రెండు రోజుల క్రితం పొద్దున తొమ్మిదింటికి ఈ టెక్నీషియనే దాన్ని ఒకమ్మాయి నడుముకి కట్టి పంపించాడు. ఇరవై నాలుగు గంటలూ గుండె ఎలా కొట్టుకుంటుందో గీతలు గీస్తుంది. ఒంట్లో తేడాగా ఉంటే పక్కనున్న మీట నొక్కమని చెప్పాడు. రెండు గంటలు తిరక్కుండానే ఆ అమ్మాయి పోయింది.

స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కాజాలు కుట్టేది. అందరూ ఆమెని కాజాలమ్మాయి అనే పిలిచేవాళ్ళు. పన్నెండో ఏట నుంచీ ఫిట్స్, అందుకే మిషను మీద కూర్చోనిచ్చేవారు కాదు. ఈ ఆరు నెలల్లో ఫిట్స్ తీరు మారింది. కాసేపు కొట్టుకుని, ఆపైన ముఖం సున్నం కొట్టినట్టయి తాడు తెగిన బట్టలా జారిపోయేది. గుండె వల్ల పడిపోతోందా, ఫిట్స్ వల్లే గుండె తడబడుతోందా తేల్చుకుందామని డాక్టరు ఈ పెట్టె కట్టించాడు. చివరికి, ఫిట్స్ వచ్చి గుండె ఆగిందని ఆ డాక్టరే కాగితం రాయాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఆ కాగితం పట్టుకుని ఈరోజు రెండింటికి ఫైలు మూసేస్తానన్నాడు. లారీ నడిపే భర్తకి మాత్రం మనసొప్పక డిటెక్టివ్ గడప తొక్కాడు.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పు," అంది డిటెక్టివ్. పన్నెండేళ్ళు వార్డులో నర్సుగా చేసిన మనిషి. ఆమెకి అర్థం కాక కాదు, అతని నోట వినాలని.

"ఫిట్స్ మెదడులో పుట్టే గొడవండీ. గుండె వేగం పెంచి తగ్గించేదీ ఆ మెదడే కదా. అక్కడ గొడవైతే ఇక్కడ లయ తప్పుతుంది. చాలామందికి గుండె పరుగెత్తి ఊరుకుంటుంది. ఎక్కడో ఒకరికి పరుగెత్తి పరుగెత్తి టక్కున ఆగుతుంది. ఇదిగో, నూట యాభై దాకా పోయి, ఇక్కడ గీత చదునుగా పడుకుంది. పదిహేడు సెకన్లు."

"తర్వాత?"

"దానంతటదే లేచింది. పది ముప్పై మూడు నుంచి పది నలభై ఎనిమిది దాకా ఎనభై, ఎనభై రెండు. మీకూ నాకూ కొట్టుకున్నట్టే. మనిషికి తెలివి లేకపోవచ్చు, ఒళ్ళు తేలిపోయి ఉండచ్చు. కానీ బతికే ఉంది."

"పది నలభై ఎనిమిదికి మళ్ళీ ఫిట్స్ అంటాడు మా ఇన్‌స్పెక్టరు."

టెక్నీషియన్ తల అడ్డంగా ఊపాడు. "ఫిట్స్‌లో ఒళ్ళు కొట్టుకుంటే గీత మీద మిషను సూది దిగినట్టు వరసగా పోట్లు పడతాయి. మొదటిసారి పడ్డాయి. రెండోసారి చూడండి. గజిబిజి, కాసేపు ఆగడం, మళ్ళీ గజిబిజి. పెనుగులాడినట్టు. ఆపైన గుండె టక్కున ఆగలేదండీ. మెట్టు మెట్టుగా దిగింది. నూట నలభై, తొంభై, అరవై, ముప్పై. పది యాభై రెండుకి ఆఖరు. ఊపిరి అందని గుండె అట్లా దిగుతుంది."

"ఈ ముక్క ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"చెప్పబోతే, డాక్టరువా అన్నారు. కాదన్నాను. అయితే మూసుకోమన్నారు."

డిటెక్టివ్ గోడ గడియారంతో తన చేతి గడియారం సరిచూసుకుంది. పన్నెండున్నర. పెట్టె యంత్రానికి టైము పెట్టింది కూడా ఈ గడియారం చూసే. కాగితం చుట్టి సంచిలో పెట్టుకుంటుండగా ఫోను మోగింది. అమ్మాయి భర్త.

"అమ్మా, మూడింటి బస్సుకి పాపని వాళ్ళ పెద్దమ్మతో పంపిస్తున్నాను. నేను రేపు లారీ ఎక్కకపోతే కుదరదు. నాలుగేళ్ళ పిల్లని ఎక్కడ పెట్టుకోను? ఎటూ తన దగ్గర పెరిగినదే, వాళ్ళ అత్తగారి ఊళ్ళో ఉంచుకుంటానంటోంది. మీరేమంటారు?"

"కన్నతల్లి తోడబుట్టినదేగా. అంతకంటే నయమైన చోటు ఎక్కడుంది? పంపించు," అంది డిటెక్టివ్.

*

వర్క్‌షాపు ఒక గోదాము పైన. ఇరుకు మెట్లు ఎక్కితే పన్నెండు మిషన్లు, ఒక పొడుగు కటింగ్ బల్ల, మూలగా ఇస్త్రీ బల్ల. భోజనాల వేళ కావడంతో కుట్టేవాళ్ళు కిందికి దిగిపోయారు. కటింగ్ బల్ల అంచు మీద ఇన్‌స్పెక్టరు కూర్చుని కాలు ఊపుతున్నాడు.

"రండి నర్సమ్మగారూ. ఇవాళ ఇంజెక్షన్ ఎవరికి?"

"మీ ఫైలుకి. రెండింటికి కన్ను మూస్తుందని విని పరుగెత్తుకొచ్చాను."

"దానికి ప్రాణం పొయ్యాలని చూడకండి. డాక్టరు రాశాడు, యంత్రం చెప్పింది. పది యాభై రెండుకి ఆగింది. పదకొండుకి కటింగ్ మాస్టరు చూశాడు. ఎనిమిది నిమిషాల ముందే పోయిన మనిషిని ఎవరేం చేస్తారు?"

కటింగ్ మాస్టరు మెడలో టేపుతో, సుద్ద అంటిన వేళ్ళతో పక్కనే నిలబడి ఉన్నాడు. డిటెక్టివ్ అతని వైపు తిరిగింది.

"నువ్వు చూసింది పదకొండింటికేనా?"

"సరిగ్గా పదకొండుకండీ. టీ బెల్లు కొట్టి, దారం కోన్ల కోసం స్టోరు తలుపు తీశాను. నేల మీద పక్కకి పడి ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. రెండుసార్లు పిలిచాను."

"నాడి చూశావా?"

అతను వేళ్ళకంటిన సుద్ద దులుపుకున్నాడు. "నాకు ఫిట్స్ అంటే చిన్నప్పట్నించీ భయమండీ. ముట్టుకోలేదు. పోయిందని అరిచాను."

"ముట్టుకోకుండానే చంపేశావన్నమాట," అంది ఇస్త్రీ బల్ల వెనకనుంచి ఒక పెద్దావిడ. ఆవిడని అక్కడందరూ ఇస్త్రీ పిన్ని అంటారు. "చీమని చూసినా బల్ల మీదికెక్కి నిలబడే మనిషివి."

మాస్టరు తల వంచుకున్నాడు. డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు చేతిలో ఫైలు తీసుకుని రెండు పేజీలు తిప్పింది. అతను వద్దనలేదు. అందులో ఏముందో తనకి బాగా తెలుసునన్న ధీమా.

"ఆంబులెన్స్ వాళ్ళ పుస్తకంలో ఇక్కడికి చేరిన టైము పదకొండు రెండు అని ఉంది."

"ఉంది. చురుకైన కుర్రాళ్ళు."

"ఇతను పదకొండుకి చూశాడు. అరిచాడు. అందరూ పోగయ్యారు. ఫోను ఎక్కడుంటుంది మాస్టరూ?"

"పొద్దున్నే అందరి ఫోన్లూ రేకు పెట్టెలో పెట్టి తాళం వేస్తామండీ. పని పాడవుతుందని. ఆ కంగారులో తాళంచెవి దొరకలేదు. వెతికి, తీసి, ఫోను చేశాను."

"చేశాక ఆంబులెన్స్ ఎంతసేపటికొచ్చింది పిన్నీ?"

"పావుగంట ఉంటుంది. వస్తుందేమోనని నేను మూడుసార్లు మెట్లు దిగి ఎక్కాను. కావాలంటే నా మోకాళ్ళనడుగు."

"ఇన్‌స్పెక్టరుగారూ, పన్నెండేళ్ళు ఆసుపత్రిలో ఉన్నాను. పిలవక ముందే బయల్దేరిన ఆంబులెన్స్ నేనెక్కడా చూళ్ళేదు."

ఇన్‌స్పెక్టరు కాలు ఊపడం ఆపాడు. డిటెక్టివ్ తలెత్తి గోడ మీది గడియారం చూసింది. ఒకటీ ఇరవై. తన చేతి గడియారం చూసుకుంది. ఒకటీ ఐదు.

"మాస్టరూ, ఆ గడియారం..."

"పావుగంట ముందుంటుందండీ," అన్నాడతను, ఆ కిటికీ తూర్పుకుంటుందండీ అన్నంత మామూలుగా. "నేను చేరిన కొత్తలో తిప్పాను. తొమ్మిదేళ్ళైంది. అమ్మాయిలు ఆలస్యం కాకుండా కూర్చుంటారని. బెల్లులన్నీ దాని ప్రకారమే."

"ఇన్‌స్పెక్టరుగారికి చెప్పలేదా?"

"ఆయన ఎన్నింటికి చూశావన్నారు. పదకొండన్నాను. మాకది పదకొండే కదండీ."

ఇస్త్రీ పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు తన ఫోను తీసి చూశాడు, గోడ చూశాడు, మాస్టరు వంక చూశాడు. ఆ చూపుకి మాస్టరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"తొమ్మిదేళ్ళుగా ఇక్కడ బతికేవాళ్ళకి గుర్తు లేకపోవచ్చు," అంది డిటెక్టివ్. "మీ చేతికీ గడియారం ఉందిగా."

"సరే, పావుగంట వెనక్కి జరపండి. ఏమైంది?" అతని గొంతులో మునుపటి ధీమా లేదు.

"ఈయన తలుపు తీసింది పది నలభై ఐదుకి. అప్పటికి ఆమె గుండె ఎనభై మీద నిమ్మళంగా కొట్టుకుంటోంది. ఫిట్స్ వచ్చి తగ్గిన మనిషి మత్తుగా పడుంటే, పోయిందని కేకేశాడు. మూడు నిమిషాలకి ఆమె మీట నొక్కింది. ఏడు నిమిషాలకి పోయింది. ఆ ఏడు నిమిషాలూ ఆమె దగ్గరున్నదెవరు పిన్నీ?"

పిన్ని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. చేతిలో చొక్కా మడత విప్పింది, మళ్ళీ వేసింది.

"వాళ్ళక్క," అంది చివరికి. "చెకింగ్ చేస్తుంది ఇక్కడే. మాస్టరు అరవగానే అందరికంటే ముందు అదే వెళ్ళింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఇక లేదు, మీరంతా బయటికెళ్ళండి, నా చెల్లెల్ని ఇట్లా నలుగురి కళ్ళల్లో పడనివ్వను అంది. అయ్యో తోడబుట్టినదే అని మేమంతా ఇవతలికొచ్చేశాం. గడియ వేసుకుంది."

"గడియ వేయడం చూశావా?"

"విన్నాను. ఆ గడియ తుప్పు పట్టినది, నాకంటే గట్టిగా మూలుగుతుంది. ఆడపిల్లలు బట్టలు మార్చుకుంటారని లోపలివైపే పెట్టించారు."

"పోయిన మనిషి పక్కన కూర్చుని ఏడవడానికి గడియెందుకు?" అంది డిటెక్టివ్. జవాబు కోసం ఆగకుండా స్టోరు గది తలుపు తోసింది.

*

గది మంచమంత వెడల్పు. మూడు వైపులా అరలు. కింది అరలో దారం కోన్లు, మధ్యలో చొక్కాల కట్టలు, తల ఎత్తులో లైనింగు గుడ్డలు. నేల మీద, చెంప ఆనిన చోట, ఎండిన చిన్న మరక. ఫిట్స్‌లో నాలుక కొరుక్కుని ఉంటుంది. వార్డులో అలాంటి మరకలు ఎన్ని తుడిచిందో లెక్క లేదు.

లైనింగు గుడ్డల్ని ఒక్కొక్కటే వేలితో ఎత్తి చూసింది. పన్నెండో గుడ్డ దగ్గర వేలు ఆగింది. "మాస్టరూ, ఇవి మడత పెట్టేదెవరు?"

"కట్ చేసి నేనే పెడతానండీ. నాలుగు మడతలు."

"ఇది మూడు మడతలుంది. అంచు లోపలికి తిప్పి ఉంది."

మాస్టరు మెడ చాచి చూశాడు.  "అట్లా చెకింగ్ దగ్గరే వేస్తారండీ. అంచు లోపలికి పోతే ప్యాకింగులో నలగదని."

డిటెక్టివ్ గుడ్డ మడత విప్పింది. లోపల, సరిగ్గా మధ్యలో, నోరంత వెడల్పున గోధుమరంగు మరక. ఇన్‌స్పెక్టరు ఆమె భుజం మీదుగా చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేల మీద పడున్న మనిషి నోటి నెత్తురు తల ఎత్తులో అర మీదికి ఎగిరి, మడతలోకి దూరదు," అంది డిటెక్టివ్ నెమ్మదిగా. "పని అయ్యాక చేతులు ఊరికే ఉండలేదు. అలవాటు కొద్దీ మడతపెట్టి, ఉన్నచోట పెట్టేసింది."

"ఎందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి అది ఎదురు ప్రశ్న కాదు.

గుమ్మంలో నిలబడ్డ ఇస్త్రీ పిన్ని చెప్పింది. "పాప కోసం. కాజాలమ్మాయికి ఫిట్స్ కదా, ఎత్తుకుని పడిపోతే పిల్లకేమవుతుందోనని పుట్టినప్పట్నించీ పాప పెద్దమ్మ దగ్గరే. అక్కకేమో పిల్లల్లేరు. ఆ రోజు పొద్దున్నే నడుముకి ఆ పెట్టె కట్టుకుని వచ్చి కాజాలమ్మాయి అంది, అక్కా, గుండెకి చిన్న యంత్రం పెడితే ఇక ఇట్లా పడిపోనట, డాక్టరు చెప్పాడు, నెలలో పాపని ఇంటికి తెచ్చేసుకుంటా అని. దాని ముఖం ఎంత వెలిగిపోయిందో. అక్క ముఖం మాత్రం నేను చూళ్ళేదమ్మా. చూసుంటే బాగుండేది."

డిటెక్టివ్‌కి పన్నెండున్నరకి వచ్చిన ఫోను గుర్తొచ్చింది. పంపించు అన్నది తనే. ఫోను తీసి అమ్మాయి భర్తకి చేసింది.

"ఇప్పుడే బయల్దేరారమ్మా," అన్నాడతను. "వర్క్‌షాపులో తన కత్తెరా అవీ ఉన్నాయట. అవి తీసుకుని అట్నించటే బస్సుకి పోతానంది. ఏమైనా తేలిందా?"

"తేలింది. నువ్వు వెంటనే ఇక్కడికి రా," అని పెట్టేసింది.

ఇన్‌స్పెక్టరు అప్పటికే బెల్టు సర్దుకుంటున్నాడు. "కింద కానిస్టేబుల్ ఉన్నాడు. మెట్ల దగ్గరే పట్టేస్తాను."

"చంకలో పిల్ల ఉండగానా? ఇరుకు మెట్లు. పిల్ల కోసం చెల్లెల్ని మింగిన మనిషి, పిల్లని వదిలి చేతులు చాపుతుందనుకుంటున్నారా?"

"నాకు పాఠాలు చెప్పకండి."

"గడియారం చూడటం రానివాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి," అంది డిటెక్టివ్.  ఆమె గొంతు తగ్గించింది. "పాప నా చేతుల్లోకి వచ్చేదాకా ఒక్క మాట అనకండి. తర్వాత మీ ఇష్టం. కేసు మీరే ఛేదించారని రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు."

 అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

*

ముప్పై ఐదేళ్ళ మనిషి. నిన్నంతా ఏడ్చిన కళ్ళు. ఎడమ భుజం మీద పాప, కుడి చేతిలో బట్టల సంచి. ఇన్‌స్పెక్టరుని చూసి గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది, ఆపైన లోపలికి వచ్చింది.

"నా సొరుగులో వస్తువులు తీసుకుపోతాను," అంది ఎవరి వంకా చూడకుండా.

"తీసుకోమ్మా," అంది డిటెక్టివ్. "పాపని ఇటివ్వు. సర్దుకునేదాకా ఎత్తుకుంటాను."

"అలవాటేలెండి."

ఆమె సంచి కింద పెట్టి, పాపని ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చుకుంది. డిటెక్టివ్ చూపు అక్కడే ఆగిపోయింది. నిద్రలో ఉన్న పిల్లని భుజం మారిస్తే విసుక్కుంటుంది, ముఖం రుద్దుకుంటుంది, మెడ పట్టుకుంటుంది. ఈ పిల్ల చెయ్యి వీపు మీదుగా జారి వేలాడింది. తల ఎటు వంగితే అటే ఉండిపోయింది.

"ఎప్పట్నించి నిద్రపోతోంది?"

"గంటైంది. పొద్దున్నుంచీ అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు. మూడు గంటల బస్సు ప్రయాణం, ఎట్లా పట్టను? చెల్లివి మాత్రలు మిగిలాయి. అవి వేసుకున్నప్పుడు తను మత్తుగా పడుకునేది. పాలల్లో మూడు కలిపి తాగించాను."

ఇస్త్రీ పిన్ని చేతిలో చొక్కా కింద పడింది.

"మూడా?" అంది డిటెక్టివ్. ఒక్క అంగలో దగ్గరికి వెళ్ళి, పాప మెడ మీద రెండు వేళ్ళు పెట్టింది.

"నా పిల్లని ముట్టుకోకు," అంది ఆమె వెనక్కి జరుగుతూ. వెనక మెట్లు. ఇన్‌స్పెక్టరు కదలబోయి డిటెక్టివ్ ముఖం చూసి ఆగిపోయాడు.

"నీ పిల్లే," అంది డిటెక్టివ్, వేళ్ళు తియ్యకుండా. "ఎవరూ కాదనట్లేదు. ఆ మాత్రలు పెద్దవాళ్ళవి. మెదడుని జోకొట్టినట్టే గుండెనీ జోకొడతాయి. నీ పిల్ల గుండె నెమ్మదిస్తోంది. నీ చెయ్యి పెట్టి చూసుకో."

ఆమె చెయ్యి పాప వీపు మీదికి పోయింది. వెతికింది. ముఖంలో రంగు మారింది. పట్టు ఒక్క ఇంచు సడలింది. ఆ ఇంచు చాలు. డిటెక్టివ్ పాపని లాక్కున్నట్టు కాకుండా, అందుకున్నట్టు తీసుకుంది.

"ఆంబులెన్స్‌కి..." అన్నాడు మాస్టరు.

"వద్దు, పావుగంట పడుతుంది. మీ జీపు కిందుందా?"

ఇన్‌స్పెక్టరు అప్పటికే సగం మెట్లు దిగాడు. "ఉంది. రండి," అని అరిచి, కానిస్టేబుల్‌ని పైకి తరిమాడు. డిటెక్టివ్ పాపని గుండెకి హత్తుకుని అతని వెనకే దిగింది. పైనుంచి ఆ అక్క గొంతు వినపడింది. కేక కాదు, బతిమాలినట్టు.

"అది పాపని ఎత్తుకుని ఎప్పుడో పడేసేదే. నేను కాపాడాను. మీరే చెప్పండి పిన్నీ, నేనే కదా కాపాడాను."



జీపు కదిలింది. ఇన్‌స్పెక్టరు హారను మీద చెయ్యి తీయలేదు. డిటెక్టివ్ పాపని ఒళ్ళో పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి ఊపిరికి దారి చేసింది. మెడ మీద రెండు వేళ్ళు, ఎదురుగా చేతి గడియారం. పెదాల మధ్య లెక్క.

"ఎంతుంది?" అన్నాడు అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"నిమిషానికి యాభై. ఈ వయసుకి వంద ఉండాలి. ఇంకా ఎంత దూరం?"

"నాలుగు నిమిషాలు."

"మూడు చెయ్యండి."

జీపు మలుపు తిరిగింది. డిటెక్టివ్ లెక్క ఆపలేదు. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది.

ముప్పై తొమ్మిది కోసం ఆమె వేళ్ళు ఎదురుచూశాయి. సెకన్ల ముల్లు ఒక గీత దాటింది. రెండు దాటింది. మూడు.

"ఏమైంది? లెక్క ఎందుకు ఆపారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

 డిటెక్టివ్ రెండు వేళ్ళూ మెడ మీంచి తీసి, ఆ చిన్న ఛాతీ మధ్యకి అరచేయి మార్చి నొక్కడం మొదలుపెట్టింది.